పెరటికి ఫెంగ్‌షుయ్: దిక్కులు వాళ్లవి, ఎండ మనది

ఇంటికి ఉత్తరాన కొండ, దక్షిణాన పల్లం, ఆ పల్లంలో చెరువు. ఇలాంటి స్థలం చూపిస్తే మన వాస్తు సిద్ధాంతి గేటు దగ్గరి నుంచే వెనక్కి తిరుగుతాడు. ఉత్తరం, తూర్పు పల్లంగా ఉండాలి, దక్షిణం, పడమర ఎత్తుగా ఉండాలి, నీళ్లు ఈశాన్యంలో ఉండాలి అన్నది మన దగ్గర మేస్త్రీలకు కూడా కంఠతా వచ్చిన పాఠం. చైనాలో మన వాస్తు లాంటి శాస్త్రమైన ఫెంగ్‌షుయ్ చెప్పే పండితుడికి అదే స్థలం బంగారం. వెనుక కొండ, ముందు నీళ్లు, దక్షిణ ముఖం: ఆయన వెతికేదే అది.

ఇంత సూటిగా ఎదురుబొదురుగా నిలబడే రెండు పద్ధతులను మనవాళ్లు ఒకే ప్రహరీ లోపల కాపురం పెట్టిస్తున్నారు. ఇల్లంతా వాస్తు ప్రకారం కట్టుకుని, పెరట్లో మాత్రం ఆగ్నేయాన చిన్న ఫౌంటెన్ పెడతారు. ఫెంగ్‌షుయ్ లెక్కలో అది సంపద మూల, అక్కడ నీరు కదిలితే డబ్బు కదులుతుందట. వాస్తులో అది అగ్నిమూల, నీళ్లు పెడితే దోషం. రెండిటికీ దండం పెట్టేవారు ఎవరి మాట వినాలి? ఈ దిక్కులు ఏ నేల మీద పుట్టాయో చూస్తే సగం చిక్కు విడిపోతుంది.

బీజింగ్ ఉన్నది దాదాపు 40 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో. చలికాలం వస్తే సైబీరియా, మంగోలియా వైపు నుంచి గాలి కోసుకుంటూ వస్తుంది. డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 27 డిగ్రీల ఎత్తు దాటడు. అలాంటి చోట ఉత్తరానికి వీపు పెట్టి, దక్షిణానికి తలుపులు తెరవడం ప్రాణావసరం. పాత బీజింగ్‌లోని సిహెయువాన్ ఇళ్లు అలాగే ఉంటాయి. నాలుగు వైపులా గదులు, నడుమ ఆరుబయలు, పెద్దల గది ఉత్తరం వైపున ఉండి దక్షిణానికి చూస్తుంది. వీధి గుమ్మం ఆగ్నేయ మూలన. గుమ్మం దాటగానే ఎదురుగా ఒక అడ్డుగోడ. దుష్టశక్తులు తిన్నగా మాత్రమే నడుస్తాయి కాబట్టి గోడ అడ్డుపెట్టామంటారు. ఆ గోడ నిజంగా ఆపేది వీధి దుమ్మును, దారిన పోయేవాళ్ల చూపును.

హైదరాబాద్ ఉన్నది 17 డిగ్రీల దగ్గర. మే 9 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నీడ మాయమవుతుంది. అప్పటి నుంచి ఆగస్టు తొలి రోజుల దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. మన పెరటిని కాల్చేది పడమటి ఎండ, వడగాలి; ఉత్తరపు చలిగాలితో మనకు పేచీయే లేదు. ఫెంగ్‌షుయ్ పటాన్ని ఉన్నదున్నట్టు దించి, ఉత్తరాన చెట్ల గుబురు పెంచి పడమరను వదిలేస్తే సాయంత్రం నాలుగింటికి పడమటి గోడ మీద చెయ్యి ఆనించలేం. ఈ ఒక్క విషయంలో, పెద్ద చెట్లు నైరుతిలో పెంచమనే వాస్తు మాటే మన ఎండకు నప్పుతుంది. అంతమాత్రాన నన్ను వాస్తు పక్షాన జమకట్టవద్దు. నీళ్లు పడే చోటు కళ్లెదుట ఉన్నా బోరు ఈశాన్యంలోనే వేయాలని పట్టుబట్టేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అయితే ఫెంగ్‌షుయ్‌ని మూఢనమ్మకం అని ఒక్క మాటతో కొట్టిపారేయడం కూడా సరికాదు. ఆరుబయలు విషయంలో దాని అసలు గొప్పతనం చూడాలంటే హాంకాంగ్ న్యూ టెరిటరీస్ పల్లెలకు వెళ్లాలి. అక్కడ ఊరి వెనుక కొండవాలు మీద నెలవంక ఆకారంలో ఒక చిట్టడవి కనిపిస్తుంది. వాటిని ఫెంగ్‌షుయ్ వనాలంటారు. ఇలాంటివి ఇప్పటికీ వందకు పైగా ఉన్నాయి. చుట్టుపక్కల కొండలు వంటచెరకు కోసం బోడిగా మారిన కాలంలోనూ ఈ వనం జోలికి ఎవరూ పోలేదు. నరికితే ఊరికి అరిష్టం. గ్రామదేవత గుడి దగ్గరి వేపచెట్టు మీద గొడ్డలి వేయడానికి మన పల్లెల్లో జంకేది ఇలాగే. హక్కా ప్రజల పాత ఊరు లై చీ వో వెనుక ఉన్న వనం వీటిలో పేరున్నది. తుపాను వానలకు కొండచరియ జారకుండా వేళ్లు మట్టిని పట్టుకుంటాయి, చలిగాలిని కొమ్మలు ఆపుతాయి, ఊరికి నీడ ఉంటుంది. బయట అరుదైపోయిన చెట్లు ఈ వనాల్లో బతికి ఉన్నాయి. వాటిలో ఒకటైన అగరు చెట్టు మీద దొంగల కన్ను పడింది. అది వేరే బాధ.

చైనాలో అన్హుయ్ రాష్ట్రంలోని హోంగ్‌చున్ మరో ఉదాహరణ. 12వ శతాబ్దంలో వాంగ్ వంశీకులు వేసిన ఊరు, 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. పక్కనున్న వాగు నుంచి నీటిని మళ్లించి సన్నటి రాతి కాలువల్లో ప్రతి ఇంటి ముందు నుంచీ పారించారు. ఆ నీరు ఊరి నడుమ ఉన్న అర్ధచంద్రాకారపు కొలనులో చేరి, అక్కడి నుంచి దక్షిణాన ఉన్న పెద్ద చెరువులోకి పోతుంది. పొద్దున్నే తాగడానికి నీళ్లు పట్టుకున్నాకే బట్టలు ఉతకాలన్నది ఊరి కట్టుబాటు. కట్టెతో కట్టిన ఇళ్లు కాబట్టి నిప్పు అంటుకుంటే ఆ కొలనే దిక్కు. నీరు పారాలి, నిలిచి కుళ్లకూడదు అన్న ఫెంగ్‌షుయ్ సూత్రం అక్కడ ఊరి నీటి ఇంజనీరింగ్ కూడా. మన ఆగ్నేయ ఫౌంటెన్ ఏమవుతుందో తెలిసిందే. వారం తిరిగేసరికి మోటారు ఆగుతుంది, నెలకల్లా దాంట్లో డెంగీ దోమలు గుడ్లు పెడతాయి.

ఈ నమ్మకం బేరసారాలకు ఎలా పనికొస్తుందో కూడా హాంకాంగే చూపిస్తుంది. ప్రభుత్వ పనుల వల్ల ఊరి ఫెంగ్‌షుయ్ చెడిందని పల్లెవాసులు ఫిర్యాదు చేస్తే, శాంతి చేయించుకోవడానికి ప్రభుత్వ ఖజానా నుంచే డబ్బు ఇస్తారు. ఎంత అడగవచ్చన్న దాని మీద విమర్శలూ ఉన్నాయి.

మన మార్కెట్లోకి వచ్చిన ఫెంగ్‌షుయ్‌కి ఈ కొండలు, కాలువలతో చుట్టరికం తక్కువ. లిన్ యున్ అనే గురువు అమెరికాలో స్థిరపడి, 1986లో బర్క్‌లీలో ఆలయం నెలకొల్పి ప్రచారం చేసిన శాఖ దిక్సూచిని పూర్తిగా పక్కన పెట్టింది. గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తే ఎడమ వైపు దూరపు మూల సంపదది, కుడి వైపు దూరపు మూల దాంపత్యానిది. ఏ దేశంలోనైనా, ఏ ప్లాటుకైనా అతికే పటం. ఫ్లాటు బాల్కనీకి కూడా సరిపోతుంది కాబట్టి అమ్మకానికి సులువైంది. ఆ మూలల్లో పెట్టడానికి నర్సరీ నుంచి తెచ్చుకునే మొక్కల సంగతి ఇంకా తమాషా. లక్కీ బ్యాంబూ వెదురు కాదు, చైనాదీ కాదు. మధ్య ఆఫ్రికాకు చెందిన డ్రసీనా. మనీ ప్లాంటు పుట్టిల్లు పసిఫిక్‌లోని ఫ్రెంచ్ పాలినీషియా.

రెండు పద్ధతులూ కలిసే చోటు ఒకటుంది, అది వీధిపోటు. తిన్నగా వచ్చే రోడ్డు ఇంటి మీదికి గురిపెట్టినట్టు ఉంటే మనం గోడకు వినాయకుడి బొమ్మ పెడతాం. చైనాలో షిగన్‌దాంగ్ అనే అక్షరాలు చెక్కిన రాయి నిలబెడతారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే రెండు దేశాలు ఒకే చోట భయపడ్డాయంటే ఆ భయంలో పస ఉన్నట్టే. రాత్రి హెడ్‌లైట్లు పడక గదిలో పడతాయి, దుమ్ము నేరుగా వస్తుంది, బ్రేకులు పడని బండి మొదట గుద్దేది ఆ గోడనే. బొమ్మ ఉంచుకోండి, దాని పక్కన గుబురుగా పెరిగే మందార వరుస కూడా వేయండి.

రెండు వందల గజాల ఇంట్లో పెరడు అని మిగిలేదే నాలుగడుగుల సందు, ముందు ఒక కారు పట్టే జాగా. దానికీ టైల్స్ పరిచేస్తున్నారు. ఆ కాస్త స్థలంలో ఫెంగ్‌షుయ్ పెద్దల నుంచి తీసుకోదగింది వాళ్ల ఓపిక: ఇల్లు కట్టకముందు వాళ్లు గాలి ఎటు నుంచి వస్తుందో, నీరు ఎటు పోతుందో తిరిగి చూసేవారు. ఇనుప గేటు పక్కన నిలబడి ఫోనులో దిక్సూచి చూడటం కంటే (ఇనుము దగ్గర ఆ ముల్లు ఎలాగూ తప్పుతుంది) గట్టి వాన పడుతున్నప్పుడు గొడుగు పట్టుకుని ప్రహరీ వెంట ఒకసారి నడవడం మేలు. నీరు ఏ మూలకు చేరుతుందో అప్పుడే తెలుస్తుంది. నీరు, నేల, చెట్ల సంరక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం వాన నీటిని భూమిలోకి ఇంకించమంటోంది. మేస్త్రీకి చెప్పకపోతే ఇంకుడు గుంతను కూడా ఈశాన్యంలోనే తవ్వి వెళ్తాడు. నీరు చేరేది వాయవ్య మూలకైతే అక్కడే తవ్వమని పని మొదలుపెట్టక ముందే చెప్పండి, పునాదికి కాస్త దూరంగా.