పెన్‌డ్రైవ్‌కు పట్టిన పులుసు

నెల్లూరు ట్రంక్ రోడ్డులో ఒక బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్ నాది. స్పీకరు సరిగ్గా నా నెత్తి మీద ఉంటుంది. పెద్దాయన గల్లాపెట్టె దగ్గర కూర్చున్నన్నాళ్ళూ పొద్దున సుప్రభాతం, ఆ తర్వాత ఘంటసాల, మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరికీ కునుకు. బెంగళూరులో చదివొచ్చిన చిన్నసారు ఉగాదికి ఆ కుర్చీ ఎక్కాడు. ఎక్కిన వారానికే ఒక ఎర్ర పెన్‌డ్రైవ్ తెచ్చి గుచ్చాడు. "షాపుకి ఒక లుక్ రావాలన్నా" అన్నాడు. పాటతో లుక్ ఎట్లా వస్తుందో నేనడగలేదు. జీతం ఇచ్చేది ఆయన.

అందులో ఉండేవి ఆరు పాటలు. ఐదింటితో నాకు పేచీ లేదు. ఆరోది అప్‌టౌన్ ఫంక్ అనే ఇంగ్లీషు పాట. మొదట్లో ఎవరో తెల్లారుజామున బావి దగ్గర గొంతు పుక్కిలించినట్టు డుండుం డుండుం అంటాడు. తర్వాత బాకాలు. ఆ తర్వాత అరుపులు. ఆరు పాటలూ ఒక చుట్టు తిరగడానికి 25 నిమిషాలు. పొద్దున 10 నుంచి రాత్రి 9 దాకా 11 గంటలు. అంటే రోజుకి 26 సార్లు. శ్రావణమాసం దాకా ఎన్నయిందో లెక్క కట్టబోయి, భయమేసి కాలిక్యులేటర్ పక్కన పెట్టేశాను.

శత్రువు వివరాలు తెలుసుకుందామని ఫోన్లో వెతికాను. పాట వచ్చింది 2014లోనట, వినడానికి మాత్రం 1980ల నాటి సరుకులా ఉండాలని కావాలనే అట్లా చేశారట. కొత్త గుడ్డని ఉతికి వెలిసిపోయినట్టు చేసి ఎక్కువ రేటుకి అమ్మడం మా జీన్స్ సెక్షన్లోనూ ఉంది, కాబట్టి అది అర్థమైంది. 2015లో అమెరికాలో 14 వారాలు మొదటి స్థానంలో ఉందట. 14 వారాలేనా! మా షాపులో అప్పటికే అంతకు మించింది. మార్క్ రాన్సన్ అనే ఆయన నెలల తరబడి ఈ పాట మీద కూర్చుని, గిటారు ముక్క కుదరక టెన్షన్‌తో కళ్ళు తిరిగి పడిపోయాడట. చేసిన మనిషికే అట్లా అయితే కౌంటర్లో కూర్చున్నవాడి సంగతేంది?

రాసినవాళ్ళ పేర్లు మొదట ఆరు. తర్వాత గ్యాప్ బ్యాండ్ అనే అమెరికా సంగీత బృందం వాళ్ళ 1979 నాటి పాటొకదానితో పోలిక ఉందని, ఆ పాట తరఫున ఇంకో ఐదుగురికి వాటా ఇచ్చారు. మొత్తం 11 మంది. ఒక క్రికెట్ టీమంతా కలిసి ఒక్క గుమాస్తా మీద పడ్డారన్నమాట.

వేళ్ళు కూడా నా మాట వినడం మానేశాయి. ఒకరోజు ఆ డుండుం దరువుకి మీటలు నొక్కుతుంటే 4 రెండుసార్లు పడి, 2,450 కాస్తా 24,450 అయింది. కస్టమరు బిల్లు చూసి, "ఏందన్నా, షాపు కూడా రాసిస్తున్నారా?" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే చిన్నసారు భోజనానికి పోయిన అదను చూసి పెన్‌డ్రైవ్ పీకేశాను. జేబులో పెట్టుకుంటే దొరికిపోతానని, పాత బిల్లు కాగితంలో చుట్టి ఖాళీ క్యారియర్ అడుగు గిన్నెలో వేశాను. ఆ గిన్నెలో పొద్దున చేపల పులుసు వచ్చిందన్న సంగతి ఆ కంగారులో గుర్తు రాలేదు.

రెండు గంటలు షాపులో నిశ్శబ్దం. ఫ్యాను తిరిగే చప్పుడు వినిపించి ఎన్ని నెలలయిందో! అప్పుడు కోవూరు నుంచి ఒక పెద్దామె, కూతురు, చంకలో మనవడు దిగారు. నిశ్చితార్థానికి పట్టుచీరలు కావాలి. చీరలు పరవగానే పిల్లోడు అందుకున్నాడు ఏడుపు. బెలూన్ ఇచ్చారు, ఆగలేదు. బిస్కెట్ ఇస్తే విసిరికొట్టాడు. "పోయిన నెల వచ్చినప్పుడు ఏదో గుడుగుడుమనే పాట వేశారే, దానికి కిక్కురుమనకుండా ఉన్నాడు. అదెయ్యి అబ్బయ్యా" అంది పెద్దామె చిన్నసారుతో.

చిన్నసారు చూస్తే ప్లేయర్‌కి పెన్‌డ్రైవ్ లేదు. కుర్రాళ్ళంతా కౌంటర్ల కింద దూరి వెతకడం మొదలుపెట్టారు. కూతురు అప్పటికే చెప్పుల వైపు చూస్తోంది. 18,600 రూపాయల బేరం గుమ్మం దాటబోతోంది. నేను లేచి, ఎవరి మొహమూ చూడకుండా క్యారియర్ విప్పాను. పులుసులో నానిన కాగితం, దాని లోపల ఎర్రగా పెన్‌డ్రైవ్, మూత సందులో ఒక మెంతిగింజ. షాపంతా మామిడికాయ చేపల పులుసు వాసన. జాకెట్టు ముక్కతో తుడిచి, అగ్గిపుల్లతో మెంతిగింజ తీసి గుచ్చాను.

పలకదనే అనుకున్నా. పలికింది.

పిల్లోడు టక్కున ఆగి స్పీకరు వైపు చూశాడు. పెద్దామె మూడు చీరలు తీసుకుంది. వాళ్ళు వెళ్ళాక చిన్నసారు నా దగ్గరికొచ్చి, క్యారియర్‌ని చూసి, నన్ను చూసి, చాలా మర్యాదగా అన్నాడు: "అన్నా, రేపటి నుంచి పాటల డ్యూటీ నీదే. పొద్దున వెయ్యడం, రాత్రి తియ్యడం, జాగ్రత్త చెయ్యడం."

ఇప్పుడు రోజూ 10 గంటలకి నా చేత్తోనే వేస్తున్నాను. మధ్యాహ్నానికి ప్లేయర్ వేడెక్కిందంటే ఆ మూల నుంచి పులుసు వాసన. నిన్న ఒకాయన చొక్కా కొలతలిస్తూ, పక్కన మెస్ ఏదైనా ఉందా అనడిగాడు.