శిథిలాల నిర్వహణలో మనమే సీనియర్లం

కాలిఫోర్నియా కొండల్లో, ఎనిమిది వేల అడుగుల పైన, బోడీ అనే ఊరుంది. 1859లో అక్కడ బంగారం కనిపెట్టిన బోడీ గారు ఆ చలికాలమే మంచు తుఫానులో పోయాడు. పైసా అనుభవించలేదు గానీ ఊరికి ఆయన పేరు పెట్టారు. మనవాళ్ళయితే విగ్రహం కూడా పెట్టి, దండ ఎవరు వెయ్యాలని రెండు వర్గాలుగా కొట్టుకునేవాళ్ళు. 1880 నాటికి బంగారం, వెండి అంటూ వేలమంది చేరారు. తర్వాత గనులు అడుగంటాయి, 1932లో అగ్గి ఊరిని చాలావరకు తినేసింది, 1942లో గని, పోస్టాఫీసు రెండూ మూతపడ్డాయి.

1962లో ప్రభుత్వం దాన్ని పార్కు చేసి ఒక విధానం పెట్టింది. ఏదీ కొత్తగా చెయ్యకూడదు, అలాగని కూలిపోనివ్వకూడదు, గోడ వాలితే ఆసరా పెట్టాలి, లోపలి దుమ్ము అలాగే ఉండాలి. దీన్ని చూడటానికి జనం టికెట్టు కొంటున్నారు!

ఇదేదో వాళ్ళు కనిపెట్టినట్టు చెప్పుకోవడం మన విజయనగరం జిల్లాకి జరిగిన అన్యాయం. పంచాయతీ ఆఫీసు స్లాబుకి సరుగుడు కర్ర ఆనించి ఫైలు మూసేసే విద్య మనకి ఎప్పటినుంచో ఉంది. గనుల చరిత్రలోనూ తీసిపోం. దేశంలో మాంగనీసు తవ్వకాలు 1892 ప్రాంతంలో మొదలైంది మన వైపే, కోడూరు గని పేరుతో కోడురైట్ అని ఒక రాయే ఉంది, గర్భాం గని సంగతి సరేసరి. అదే 1892లో బోడీ వాళ్ళు 13 మైళ్ళ దూరం నుంచి మిల్లుకి కరెంటు లాగారు. తీగ వంపు తిరిగితే కరెంటు జారి కింద పడిపోతుందేమోనని స్తంభాలు తిన్నగా పాతారట, పాపం. మన దగ్గర ఆ టెన్షన్ లేదు, స్తంభం ఎటు వాలితే కరెంటు అటు సర్దుకుంటుంది, గాలి వీస్తే మర్యాదగా తప్పుకుంటుంది.

కాబట్టి హెరిటేజ్ గుర్తింపుకి దరఖాస్తు పెడదాం. తనిఖీకి వచ్చినవాళ్ళు ఒక్క అభ్యంతరం చెప్పొచ్చు, ఈ శిథిలాల్లో మనుషులు తిరుగుతున్నారేమిటని. పెచ్చులూడే గదిలో అంగన్‌వాడీ పిల్లలు, రేషన్ లైన్లో ముసలమ్మలు అందరూ ప్రదర్శనలో భాగమేనని నచ్చజెప్పాలి.

బోడీ నుంచి మేకు ఎత్తుకెళ్ళినా అరిష్టమని నమ్మి, క్షమించమని ఉత్తరం రాసి తిరిగి పోస్టులో పంపేస్తారట. ఆ శాపమే నాగావళి ఇసుకకీ ఉంటే మన పోస్ట్‌మ్యాన్‌లకి సైకిళ్ళు చాలవు, టిప్పర్లు కొనాలి.