విసిరింది కుడిచెయ్యి, పట్టేసింది ఎడమపక్క

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఏప్రిల్ నెల, శనివారం పొద్దున. అత్తగారు ఆవకాయ ముక్కలు తుడిచి డెక్ మీద పాత చీర పరిచి ఆరబెట్టారు. పెరట్లో అల్లుడుగారు తొమ్మిదేళ్ల కొడుక్కి బేస్‌బాల్ విసరడం నేర్పడానికి చొక్కా చేతులు మడిచారు. పిల్లాడికి కోచ్ లేకపోలేదు. వారానికి రెండుసార్లు నేర్పుతూనే ఉన్నాడు. కానీ కాలేజీ రోజుల్లో బౌండరీ నుంచి తిన్నగా కీపర్ చేతుల్లోకి బంతి వేసిన మనిషి ఇంట్లో ఉండగా కోచ్ మాట ఎవరికి కావాలి?

ఆ కాలేజీ బంతి టెన్నిస్ బంతి. బరువు 58 గ్రాములకి అటూ ఇటూ. బేస్‌బాల్ 142 నుంచి 149 గ్రాములు తూగుతుంది, అంటే రెండున్నర రెట్లు. పైగా మధ్యలో ఇరవయ్యేళ్లు కుర్చీలోనే గడిచిపోయాయి. ఈ లెక్క అల్లుడుగారు వేసుకోలేదు. టేపు పెట్టి 46 అడుగులు మాత్రం జాగ్రత్తగా కొలిచారు. లిటిల్ లీగ్ అనే పిల్లల బేస్‌బాల్ పోటీల్లో ఈ వయసువాళ్లకి బంతి విసిరే పిచ్చర్ నుంచి, బ్యాట్ పట్టినవాడి పక్కన ఉండే హోమ్ ప్లేట్ దాకా దూరం అదే.

"నాన్నా, కోచ్ ఫస్ట్ వార్మప్ చెయ్యమంటాడు."

"నువ్వు పట్టుకోరా ముందు."

మొదటి బంతి కొడుకు తలమీంచి కుడివైపుగా లేచి పక్కింటి కంచె దాటింది. రెండోది సగం దూరంలో గడ్డిలో కూలబడింది. మూడోది కిందుగా, ఎడమగా వెళ్లి డెక్ మీద ముక్కల మధ్య ఆగింది. అత్తగారు దాన్ని రెండు వేళ్లతో తీసి, తుడిచి, "బాబూ, ఇది మీదేనా?" అన్నారు. ఆ మర్యాదకి అల్లుడుగారి పౌరుషం లేచింది. నాలుగోది ఉన్న బలమంతా పెట్టి విసిరారు. బంతి ఎటు వెళ్లిందో ఎవరూ చూడలేదు. అందరూ ఆయన అరుపే విన్నారు.

ఇదంతా ఆయన పెద్దకూతురు ఫోన్‌లో స్లోమోషన్‌లో తీసింది. ఇలాంటి వీడియోలు కుటుంబ గౌరవానికి చేటు గానీ, విసరడం నేర్చుకోవడానికి ఇంతకు మించిన పాఠం దొరకదు.

మొదటి బంతిలో ఎడమకాలు పడ్డ చోటు చూడండి. వేళ్లు కొడుకువైపు కాదు, ఎడమపక్క ఇంటివాళ్ల బార్బెక్యూ పొయ్యివైపు ఉన్నాయి. కాలు ఎటు తెరిస్తే తుంటి అటు, దానివెంట భుజం. చెయ్యి ఇంకా వెనకాలే ఉండగా ఛాతీ ముందుకి తిరిగిపోయింది. వెనకబడ్డ చెయ్యి బంతిని తొందరగా వదిలేసింది. కుడిచేతివాటం వాళ్లకి అలా వదిలిన బంతి పైకీ కుడికీ పోతుంది. రెండోసారి ఆయన జాగ్రత్తపడి కుడిచేత్తో విసురుతూ కుడికాలే ముందుకి వేశారు. ఇక నడుము తిరగడానికి దారేది? ఒట్టి చేతిబలమే మిగిలింది, అది 23 అడుగులకి సరిపోయింది. మూడోసారి గ్లవ్ ఉన్న చేతిని వెనక్కి విదిలించి ఒళ్లంతా ఎడమకి వాల్చేశారు. బంతి వదలడం ఆలస్యమైంది, కాబట్టి ఆవకాయలోకి.

అసలు జరగాల్సింది ఇది. కుడిపాదం అడ్డంగా, లోపలి అంచు గురివైపు. ఎడమ తుంటి, ఎడమ భుజం గురికి ఎదురుగా. చేతులు ఛాతీ దగ్గర విడిపోతుండగా ఎడమకాలు తిన్నగా గురివైపు పడాలి, మోకాలు కొద్దిగా వంగి, వేళ్లు రవ్వంత లోపలికి. కాలు ఆనాక ముందు తుంటి తిరగాలి, భుజాలు ఒక్క క్షణం వెనకే ఉండిపోవాలి. తడి పంచె పిండేటప్పుడు ఒక కొస బిగపట్టి రెండో కొస మెలిపెడతామే, నడుములో ఆ మెలి పడాలి. అది విప్పుకున్నప్పుడు పుట్టే వడి భుజానికీ, మోచేతికీ, మణికట్టుకీ, చివరికి బంతికీ వరసగా అందుతుంది. మోచెయ్యి భుజం ఎత్తు కంటే కిందికి దిగకూడదు. గ్లవ్ ఛాతీకి దగ్గరగా రావాలి. బంతి వదిలాక ఛాతీ ఎడమ మోకాలి మీదికి వంగి, కుడికాలు దానంతటదే ముందుకి రావాలి. అల్లుడుగారి తుంటీ భుజాలూ ఒకేసారి తలుపు తీసినట్టు తిరిగాయి. తలుపులో మెలి ఎక్కడుంటుంది?

విచిత్రమేమిటంటే చిన్నప్పుడు రాయి పెట్టి మామిడికాయ కొట్టేటప్పుడు ఆయనకి ఇదంతా వచ్చు. కాయ మీదే కన్ను కాబట్టి ఒళ్లు దాని పని అది చేసుకుపోయేది.

ఇక నొప్పి. "విసిరింది కుడిచెయ్యి కదా, ఎడమపక్క ఎందుకు పట్టేసింది?" అని ఆయన గింజుకున్నారు. న్యాయమైన ప్రశ్నే. పొట్టకి రెండు పక్కలా ఆబ్లిక్ అనే ఏటవాలు కండరాలు పైపొర, లోపొరగా ఉంటాయి, నులకమంచం అల్లికలా ఒకటి అటు వాలితే ఒకటి ఇటు. కుడిచేత్తో విసిరేటప్పుడు కుడివైపు పైపొరా ఎడమవైపు లోపొరా జతకడతాయి. కండక్టర్ సంచి పట్టీ కుడిభుజం మీంచి ఎడమ తుంటికి దిగుతుంది చూడండి, ఇంచుమించు ఆ దారే. ఒళ్లు వెనక్కి తిరిగినప్పుడు సాగి, అంతలోనే ముందుకి లాగాల్సి వచ్చేసరికి దెబ్బ ఎక్కువగా ఎడమ కొసకే తగులుతుంది. ఆరితేరిన పిచ్చర్లకీ సాధారణంగా విసిరే చేతికి ఎదురుపక్కే పట్టేస్తుంది. ఆ ఒక్క విషయంలో అల్లుడుగారు మేజర్ లీగ్ స్థాయి, అంటే అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్ల అత్యున్నత స్థాయి, అందుకున్నారు.

పిల్లల సంగతి ఇంతకన్నా సున్నితం. నడుము చెయ్యని పని మోచెయ్యి మీద పడుతుంది. ఆ వయసులో మోచేతి లోపలివైపు ఎముక ఎదిగే చోటు ఇంకా గట్టిపడదు. అక్కడ నొప్పి అంటే ఆ రోజుకి బంతి కింద పెట్టించి డాక్టరుకి చూపించాలి. కోచ్ చేయించేవి చూడ్డానికి ఆటల్లాగే ఉంటాయి. కుడిమోకాలు నేలకి ఆనించి 20 అడుగుల దూరానికి ఒట్టి నడుము తిప్పి పది బంతులు. పక్కకి పడుకుని మోచేతి మీద లేచి 20 సెకన్లు, రెండు వైపులా. మెడిసిన్ బాల్ అనే కిలో బరువు కసరత్తు బంతిని గోడకేసి పక్కనుంచి ఎనిమిదేసి సార్లు.

సోఫాలో పడుకున్న అల్లుడుగారి పక్కకి గుడ్డలో చుట్టిన ఐసు పెట్టారు. పావుగంట చాలు, మొదటి రెండ్రోజులూ కాపడాలూ మర్దనలూ వద్దు. వంటింట్లో అత్తగారు ఆవపిండి జల్లించడం మొదలుపెట్టారు. ఘాటు హాల్లోకి వచ్చింది. ఆయన తుమ్మారు. ఆబ్లిక్ కండరాలు ఎక్కడున్నాయో ఇంటిల్లిపాదికీ మరోసారి తెలిసింది.

"నాలుగే వేశావు నాన్నా," అన్నాడు కొడుకు. "నా ఏజ్‌కే రోజుకి 75 పిచెస్ వెయ్యనిస్తారు."

అత్తగారు అమృతాంజనం సీసా తెచ్చి తన కూతురి చేతికిచ్చారు. "కుడిభుజానికి బాగా పట్టించవే."

"ఎడమపక్క అత్తయ్యగారూ, ఎడమపక్క..."

"విసిరింది నేను చూళ్లేదా బాబూ?" అని ఆవిడ మళ్లీ ఆవపిండి దగ్గరికి వెళ్లిపోయారు.