చిరుతను కాగడాలతో చుట్టుముట్టమంటున్న సందేశానికి జవాబు

"పిల్లల చేతుల్లో విషపు పుస్తకాలు" అన్న శీర్షికతో మొదలై "తల్లిదండ్రులందరికీ తప్పక పంపండి" అని ముగిసే ఒక సందేశం బెంగళూరు తెలుగువారి వాట్సాప్ బృందాల్లో విడవకుండా తిరుగుతోంది. పంపినవారిలో చాలామంది నాకు బాగా కావలసినవారు. ఆదివారాలు మా అపార్ట్‌మెంటు పిల్లలకు కథలు చదివి వినిపించేది నేనేనని తెలిసినవారు కూడా. అందుకే మర్యాదకు ఊరుకున్నాను. మొన్న మా వదినగారు సైతం "ఇది చూశావా?" అంటూ దాన్నే పంపిన తరువాత ఇక ఊరుకోవడం తప్పనిపించింది. చరిత్రకు పూర్వపు అడవుల్లో తెలివిగల పెద్దపిల్లులు తెగలుగా బతుకుతూ, మాట్లాడుకుంటూ, మందలను కాచుకుంటూ, నిప్పును లొంగదీసుకునే కాల్పనిక నవలలను ఇళ్లలోంచి తీసేయాలని ఆ సందేశం చెబుతోంది. అందుకు ఆరు కారణాలు చూపించింది.

"జంతువులు మాట్లాడవు కాబట్టి ఇవి అబద్ధాలు" అన్నది మొదటి కారణం. ఐదేళ్ల పిల్లకు తెలిసిన సంగతిని పెద్దలకు హెచ్చరికగా పంపవలసిన అవసరం ఏమొచ్చిందో నాకు అర్థం కాలేదు. "ఇలాంటివి చదివితే మార్కులు తగ్గుతాయి" అన్నది ఆరో కారణం. దానికి ఆధారమేదీ చూపలేదు గనుక జవాబూ అక్కరలేదు.

"మన సంస్కృతిలో ఇలాంటి కథలు లేవు" అన్న రెండో కారణం మాత్రం మనసుకు కష్టం కలిగించింది. 15వ శతాబ్దపు అనంతామాత్యుడు భోజరాజీయంలో ఆవుకూ పులికీ మధ్య నడిపిన సంవాదం ఏ సంస్కృతిలోది? దూడకు కడుపునిండా పాలిచ్చి తిరిగి వస్తానని ఆవు బతిమాలడం, ఆ మాటను నమ్మవచ్చునా అని పులి వాదించడం, అన్నమాట ప్రకారం ఆవు తిరిగి వచ్చి నిలబడినప్పుడు పులి మనసు కరగడం మన పెద్దలు పద్యాలుగా కంఠస్థం చేసినవి. అదే కథను మన పిల్లలు ఇక్కడి బడుల్లో పుణ్యకోటి పాటగా కన్నడంలో పాడుతున్నారు. చిన్నయసూరి నీతిచంద్రికలో ముసలిపులి దర్భలు చేతబట్టి, బంగారు కంకణం చూపించి బాటసారిని బురదలోకి దింపిన ఘట్టం చదవనివారు మా తరంలో అరుదు. అంతకన్నా వెనక్కి వెళితే, 1939లో జర్మనీలోని ఒక గుహలో మామత్ అనే అంతరించిన బొచ్చు ఏనుగు దంతంతో చెక్కిన, సింహపు తలా మనిషి ఒళ్లూ ఉన్న బొమ్మ ముక్కలు దొరికాయి. దాని ఎత్తు 31 సెంటీమీటర్లు, వయసు సుమారు 40,000 ఏళ్లు. మనిషి బుద్ధినీ పెద్దపిల్లి రూపాన్నీ ఒకటిగా ఊహించడం అంత పాత అలవాటు. దాన్ని నిన్నగాక మొన్న విదేశాల నుంచి దిగుమతి అయిన చెడుగా చూపించడం చదువుకున్నవారు చేయవలసిన పని కాదు.

మూడో కారణం ఇంకా విచిత్రం. "కత్తికోరల పులి మన పులికి పూర్వీకుడు, అది డైనోసార్లతో పోరాడి నెగ్గింది, ఈ నవలలు ఆ చరిత్రను వక్రీకరిస్తున్నాయి" అంటున్నారు. వక్రీకరిస్తున్నది ఎవరు? డైనోసార్లు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల క్రితమే పోయాయి. శిలాజాల్లో మనకు కనిపించే తొలి పిల్లుల వయసు 3 కోట్ల ఏళ్లకు మించదు. కత్తికోరల పిల్లుల శాఖ, నేటి పులులూ సింహాలూ ఇంటిపిల్లులూ పుట్టిన శాఖ నుంచి సుమారు 2 కోట్ల ఏళ్ల క్రితం విడిపోయింది. పులికి అది పూర్వీకుడు కాదు, ఎప్పుడో వేరుపడిన దాయాది. అందరికీ బొమ్మల్లో పరిచయమైన స్మైలోడాన్ అమెరికా ఖండాల్లో మాత్రమే బతికి, సుమారు 10,000 ఏళ్ల క్రితం అంతరించింది. మన దేశంలో ఆ శాఖవారే లేరని కూడా అనుకోనక్కరలేదు. శివాలిక్ కొండల్లో మెగాంటెరియాన్ అనే మరో కత్తికోరల పిల్లి శిలాజాలు దొరికాయి. ఈ కోవలో బాగా పేరున్న, 1983లో వెలువడిన నవల తన కథను సుమారు 2 కోట్ల 50 లక్షల ఏళ్ల క్రితం నిలిపింది, దానిలో డైనోసార్ జాడ లేదు. కాలాల విషయంలో కల్పన జాగ్రత్తగా ఉంటే, నిజమని చెప్పుకుంటున్న సందేశం 3 కోట్లకు పైబడిన ఏళ్లను ఒక్క వాక్యంలో మింగేసింది.

ఈ పుస్తకాలు పిల్లల్లో ఏం చేస్తాయో నేను దగ్గరగా చూశాను కాబట్టి చెబుతున్నాను. చదువు మధ్యలో ఐదో తరగతి అమ్మాయి ఒకతె నన్ను ఆపి, "అత్తా, అంత పొడుగు కోరలుంటే అది నోరెలా తెరిచి కరుస్తుంది?" అని అడిగింది. పుస్తకం పక్కన పెట్టి పుర్రె బొమ్మలు చూశాం. స్మైలోడాన్ దవడ సుమారు 120 డిగ్రీల దాకా తెరుచుకునేదన్న అంచనా చెప్పగానే పిల్లలందరూ రెండు చేతులనూ దవడలుగా పెట్టి కొలుచుకున్నారు. ఆ తరువాత 2020లో సైబీరియాలోని యాకుటియా మంచునేలలో దొరికిన కత్తికోరల పిల్లి కూన గురించి చెప్పాను. మూడు వారాల వయసులో చనిపోయిన ఆ కూన ముదురు గోధుమరంగు బొచ్చూ, వెడల్పాటి పాదాలూ, మీసాలూ చెక్కుచెదరకుండా సుమారు 35,000 ఏళ్లు మంచులో ఉండిపోయింది. కల్పన చదివిన పిల్ల కల్పన దగ్గరే ఆగిపోలేదు, ఎముకల దాకా వెళ్లింది. నిజానికీ కథకూ తేడా మరిచిపోయిన పిల్ల అలాంటి ప్రశ్న అడుగుతుందా?

"పిల్లులు ఒంటరి జీవులు, తెగలుగా బతకడం అసత్యం" అన్న నాలుగో కారణానికి సింహం ఒక్కటి చాలు. స్మైలోడాన్ విషయంలో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. పుట్టుకతోనే తుంటి కీలు చెడి, సరిగా వేటాడలేని స్థితిలోనూ పెద్దవయసు దాకా బతికిన ఒక స్మైలోడాన్ ఎముకలను లాస్ ఏంజెలెస్‌లోని తారుగుంటల్లో దొరికిన శిలాజాల సేకరణలో పరిశీలించి, దానికి తోటివారి ఆసరా ఉండి ఉండవచ్చునని 2021లో ఒక పరిశోధన ప్రతిపాదించింది.

ఇక ఐదోది. నేను ఇదంతా రాయడానికి అసలు కారణం అదే. "పిల్లులు నిప్పును మచ్చిక చేసుకున్నాయనే పిచ్చి కథలు మానిపించి, అడవి జంతువులన్నీ నిప్పుకు భయపడతాయనే నిజం నేర్పండి. బన్నేరుఘట్ట వైపు చిరుత కనిపిస్తే నలుగురూ కలిసి కాగడాలు వెలిగించి చుట్టుముట్టండి, అది పారిపోతుంది" అని ఉంది. నలుగురూ చుట్టుముడితే అది ఎటు పారిపోతుంది? రాసినవారు ఒక్క క్షణం ఆ ప్రశ్న వేసుకుని ఉంటే ఈ వాక్యం పుట్టేది కాదు. దారి మూసుకుపోయిన చిరుత మనిషి మీదికి దూకుతుంది. 2016 ఫిబ్రవరిలో, ఒక ఆదివారం నాడు, ఈ నగరపు తూర్పు వైపున ఒక పాఠశాల ఆవరణలోకి చిరుత వచ్చినప్పుడు ఏం జరిగిందో దేశమంతా టీవీల్లో చూసింది. దాన్ని పట్టబోయినవారిలో కొందరు గాయపడ్డారు, వారిలో చిరుతల మీదే ఏళ్ల తరబడి పనిచేసిన వన్యప్రాణి నిపుణుడు కూడా ఉన్నారు. అంత అనుభవం ఉన్నవారికే తప్పని ప్రమాదాన్ని కాగడా పట్టుకున్న మన అపార్ట్‌మెంటు కుర్రవాళ్లు తప్పించుకుంటారా? ఇది కొరివితో తల గోక్కోవడమే.

ఊళ్ల అంచున వీధిదీపాలు, పొయ్యిలు, దీపావళి టపాకాయల నడుమ బతకడం నేర్చిన చిరుత కాగడా చూడగానే పరుగెడుతుందన్న భరోసా ఎక్కడిది? అది సాధారణంగా వీధికుక్కల కోసం వస్తుంది, వదిలేస్తే చీకట్లోనే వచ్చినదారిన పోతుంది. పైగా మాఘ, ఫాల్గుణ మాసాల్లో ఊరంచున తురహళ్లి అడవి వైపు గడ్డి ఎలా ఎండి ఉంటుందో నడకకు వెళ్లేవారందరికీ తెలుసు. 2019 ఫిబ్రవరిలో బందీపుర అడవిలో వేల ఎకరాలు తగలబడిన సంగతిని ఇంత త్వరగా మరిచిపోయామా? చిరుత కనిపిస్తే పిల్లలనూ కుక్కలనూ లోపలికి తీసుకుని తలుపులు వేసుకోవాలి, అటవీ శాఖకు ఫోను చేయాలి, గుంపు చేరకూడదు, ఫొటోల కోసం ముందుకు పోకూడదు. ఎదురుపడితే వీపు చూపి పరుగెత్తకూడదు, కిందికి వంగకూడదు, చిన్నపిల్లలుంటే ఎత్తుకోవాలి, దాని దారి వదిలి మెల్లగా వెనక్కి జరగాలి. ఆ పిచ్చి కథ అంటున్న నవలలో నిప్పును ఇంటికి తెచ్చుకున్న పిల్లికి దాన్ని మేపుతూ ఉండాలని, పట్టు తప్పితే తనవారినే కాలుస్తుందని తెలిసివస్తుంది. ఆ ఎరుక ఈ సందేశంలో లేకపోయింది.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఈ నవలల్లో ప్రమాదం లేకపోలేదు, కాకపోతే అది సందేశం చూపిన ఆరింటిలో లేదు. మాట నేర్చిన తెగ తమకు పేర్లున్నాయని గర్విస్తుంది, మాటరాని పిల్లులను పేరులేనివారని ఈసడించి తరిమికొడుతుంది. ఆ గర్వం ఎంత గుడ్డిదో రచయిత్రి కథ నడిచేకొద్దీ చూపిస్తుంది, కానీ సగంలో ఆగిపోయిన పిల్లలకు ఈసడింపు ఒక్కటే మిగులుతుంది. మా దగ్గరే ఒక బాబు ఆటలో కోపం వచ్చి, నత్తితో మాట్లాడే తోటి పిల్లవాణ్ణి "నువ్వు పేరులేనోడివి, పో" అన్నాడు. ఆ పిల్లవాడు మాట్లాడకుండా చెప్పులు వేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు. కాబట్టి ఈ పుస్తకాలను పిల్లల చేతికిచ్చి పెద్దలు పక్కకు తప్పుకోకూడదన్న మేరకు సందేశం రాసినవారి భయంతో నేను ఏకీభవిస్తాను. పక్కన కూర్చుని చివరిదాకా చదవాలి. దానికి పుస్తకం ఇంట్లో ఉండాలి కదా.

మిగిలిన ఐదు కారణాలనూ నమ్మాలనుకున్నవారు నమ్మండి, నేను అడ్డురాను. కాగడాల సలహాను మాత్రం ఎవరు ఏ బృందంలోకి పంపారో అదే బృందంలో తప్పని ఈ రోజే రాయండి. వదినా, ముందు మన కుటుంబ బృందంలో మీరు రాయండి.