పీనియల్ గ్రంథి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పీనియల్ గ్రంథి గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. మెదడు నట్టనడుమ, మూడో జఠరిక అనే గుంట వెనకాల, బియ్యపు గింజంత ఒంటితో తమరు క్షేమమని తలుస్తాం. ఆత్మ గారు ఇంకా తమ ఇంట్లోనే ఉంటున్నారో, ఖాళీ చేశారో తెలుపగలరు.

ఆ అద్దె కుదిర్చింది పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి తత్వవేత్త రెనె దేకార్త్. శరీరం చోటు ఆక్రమిస్తుంది, ఆత్మ ఆలోచిస్తుంది, దానికి పొడవూ వెడల్పూ లేవని తేల్చిందీ ఆయనే, చోటే అక్కర్లేని ఆ ఆత్మకు ఇల్లు వెతికిపెట్టిందీ ఆయనే. తమరిలో నచ్చిన గుణం, జంట లేకపోవడం. కళ్లు రెండు, చెవులు రెండు, మెదడులో తతిమ్మా భాగాలూ జోడీలేనన్నాడు. మనకు కనబడే బొమ్మ మాత్రం ఒక్కటే. రెండు కళ్ల బొమ్మలూ కలవాలంటే ఒంటరి గది కావాలి మరి.

తమరి విధులు 1649 నాటి ఆయన పుస్తకంలో ఉన్నాయి. నెత్తురులోంచి వడగట్టిన అతి సన్నని రేణువులు మెదడు గుంటల్లో నిండి ఉంటాయి. ఆత్మ తలుచుకోగానే తమరు కాస్త ఒరుగుతారు. ఒరిగిన దిక్కుకు ఆ రేణువులు తోసుకుపోయి, బోలు గొట్టాల్లాంటి నరాల గుండా కండలోకి దిగుతాయి. కండ ఉబ్బుతుంది, చెయ్యి లేస్తుంది. కాగితం మీద ఎక్కడా లీకు లేదు.

ఇల్లు చూద్దామంటేనే చిక్కొచ్చింది. హాలండ్‌లోని లైడెన్‌లో ఒక స్త్రీ శవాన్ని కోస్తుంటే ఆయన కళ్లు చికిలించి వెతికాడు, తమరి ఆనవాలు దొరకలేదు. మనిషి తలలో తానూ ఎన్నడూ చూడలేదని కోత కోస్తున్న ముసలి ప్రొఫెసర్ ఒప్పుకున్నాడట. అప్పుడే కోసిన పశువుల్లో అయితే ఇట్టే దొరుకుతుందని దేకార్తే 1640లో ఉత్తరం రాశాడు. ఆయన లెక్కలో పశువులకు ఆత్మే లేదు!

అసలు దెబ్బ బొహీమియా రాకుమారి ఎలిజబెత్‌ది. 1643 మేలో, ఇరవై నాలుగేళ్ల వయసులో సూటిగా అడిగింది: ఒకటి మరొకదాన్ని తొయ్యాలంటే తాకాలి, తాకాలంటే ఒళ్లుండాలి, ఈ రెండూ లేని ఆత్మ శరీరాన్ని ఎలా కదిలిస్తుంది? బరువు రాయిని కిందికి లాగడం లేదా అన్నాడాయన. ఆమె ఒప్పుకోలేదు, అంతకన్నా ఆత్మకే ఒళ్లుందని ఒప్పుకోవడం తేలికని తిరుగు టపాలో రాసింది. దానికాయన, ఆత్మా శరీరాల ఐక్యం రోజువారీ బతుకులోనే తెలుస్తుంది, ఇలాంటి ఆలోచనలకు తాను ఏడాదికి కొన్ని గంటలే కేటాయిస్తానన్నాడు. ‘ఎలా’ అని అడిగితే ‘ఎక్కడ’ అని జవాబిస్తే ఇలాగే ఉంటుంది.

1665లో డెన్మార్క్ శరీర శాస్త్రజ్ఞుడు స్టెనో పారిస్‌లో ఉపన్యసిస్తూ, తమరు చుట్టుపక్కల కణజాలానికి గట్టిగా అతుక్కుని ఉంటారు, ఒరగడం కుదరదన్నాడు. 1958లో తమ జాతి గ్రంథుల్లోంచి మెలటోనిన్ అనే హార్మోను దొరికింది; చీకటి పడ్డాక దాన్ని వదలడమే తమరి అసలు కొలువని ఆ తర్వాత తేలింది. నిద్రవేళ చెప్పే ఉద్యోగం, పరువైనదే. వయసు మళ్లాక తమలో సున్నం పేరుకుని ఎక్స్‌రేలో తెల్లగా మెరుస్తారు. ఆ చుక్క పక్కకు జరిగిందంటే లోపల గడ్డో, రక్తస్రావమో ఉందని ఒకప్పుడు వైద్యులు పసిగట్టేవారు. కదలనందుకే పనికొచ్చారు చూడండి.

ఇంకో కబురు. 2005లో వెలువడిన వ్యాసంలో శాస్త్రవేత్తలు క్రిక్, కోక్ చైతన్యానికి ఇల్లు కావచ్చంటూ మెదడులోని క్లాస్ట్రమ్ అనే పలుచని పొరను చూపించారు. కానీ అది రెండు పోర్షన్ల ఇల్లు, ఎడమ ఒకటి, కుడి ఒకటి. దేకార్త్ అయితే గుమ్మంలోంచే వెనక్కి తిరిగేవాడు.

చిత్తగించవలెను.