ఆకర్షణ కలగనివారిపై విచారణ జరపాలి

సమాజానికి పెద్ద ముప్పే వచ్చి పడింది. ఎవరి మీదా తమకు లైంగిక ఆకర్షణ కలగదని కొందరు చెబుతున్నారు. చెప్పి ఊరుకోకుండా హాయిగా నిద్ర కూడా పోతున్నారు. వీళ్లు ఏసెక్సువల్స్ అట. ప్రేమలో పడాలనే అనిపించనివాళ్లు ఏరొమాంటిక్స్ అట. పోనీ రెండూ ఒకటేనా అంటే కాదు. ప్రేమ పుష్కలంగా ఉండి పడకగది ఊసు అక్కర్లేనివాళ్లున్నారు, కోరిక ఉండి ప్రేమ ఊసు అక్కర్లేనివాళ్లూ ఉన్నారు. రెండూ అక్కర్లేనివాళ్ల సంగతి సరేసరి.

కోరికల్ని జయించినవారికి మనం సాష్టాంగపడతాం. మంచిదే, వాళ్లు కష్టపడ్డారు. అసలు యుద్ధమే చేయకుండా ప్రశాంతంగా కూర్చుంటే ఎలా ఒప్పుకుంటాం? వీళ్లకు దండం పెట్టం, డాక్టరు అడ్రస్ ఇస్తాం.

ఆ డాక్టర్లూ హ్యాండిచ్చారు. 2013లో వచ్చిన అమెరికా సైకియాట్రిస్టుల గ్రంథం డీఎస్ఎం-5, తాను ఏసెక్సువల్‌నని చెప్పుకునే మనిషికి కోరిక తక్కువన్న జబ్బు అంటగట్టొద్దంది. 1948లోనే అమెరికా సెక్స్ పరిశోధకుడు ఆల్ఫ్రెడ్ కిన్సీ, ఆకర్షణ ఆడామగా మధ్యనా, సొంత జెండర్ మీదా అని మనుషుల్ని సున్నా నుంచి ఆరు దాకా స్కేలు మీద కొలిచి, అందులో ఇమడనివాళ్లను 'ఎక్స్' అని విడిగా రాసుకున్నాడు. కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చెప్పాలని ఆయనకు తోచకపోవడం విచారకరం. 2004లో కెనడా సైకాలజిస్టు ఆంథొనీ బోగర్ట్ బ్రిటన్ సర్వే ఒకటి తిరగేసి వందకు ఒకరు ఇలా ఉన్నారన్నాడు. ఆ లెక్కన ఐదొందల మంది వచ్చిన పెళ్లిలో ఐదుగురు. అందులో ఒకరు పెళ్లిబట్టల్లోనే ఉన్నారేమో, ఎవరడిగారు?

అయితే మన అత్తయ్యలు ఉన్నంతకాలం భయం లేదు.

"నాకు ఎవరి మీదా అలా అనిపించదత్తయ్యా."

"సరైనవాడు తగల్లేదులేవే."

ఈ వాదనకు తిరుగులేదు. ముప్ఫైకీ చెల్లుతుంది, డెబ్భైకీ చెల్లుతుంది. ప్రేమించి పెళ్లాడేవాణ్ని పట్టుకుని "నీకింకా సరైన ఒంటరితనం తగల్లేదురా" అని మాత్రం ఎవరూ అనరు. అనకూడదు కూడా, మర్యాద కాదు.

ఇక ఇలాంటివాళ్లు ఇద్దరు కలిసి బతుకుతామంటే ఇల్లంతా టెన్షన్. "మరి ఇద్దరూ ఏం చేస్తార్రా?" అని పెద్దాయన అడిగాడనుకోండి. "కబుర్లు చెప్పుకుంటాం" అంటారు. పాతికేళ్లుగా కాపురం చేస్తున్నవాళ్లు ఎవరైనా నమ్ముతారా?

కాబట్టి వెంటనే విచారణ సంఘం వేయాలి. ఆకర్షణ లేదని రుజువు చేసే భారం వాళ్లదే. ఉందని మనల్ని ఎవరూ ఎప్పుడూ రుజువు అడగలేదు, అది వేరే విషయం. ఛైర్మన్‌గా మూడు విడాకులు పూర్తిచేసుకుని నాలుగో సంబంధం చూస్తున్న పెద్దమనిషి ఎవరైనా ఉంటే బాగుంటుంది. సంసారం ఎలా ఉండాలో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?