సవరణ: మిజోరం పిల్లల గురించి రాసినదాంట్లో తప్పులు

క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం గురించి మొన్న రాసిన పోస్టులో, మయన్మార్ నుంచి మిజోరం వచ్చిన పిల్లలు "ఐక్యరాజ్యసమితి శిబిరాల్లో" ఉంటున్నారన్నాను. అది తప్పు. అసలు 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకమే చేయలేదు. 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైన్యం అధికారం లాక్కున్నాక సరిహద్దులోని తియావ్ నది దాటి వచ్చిన చిన్ తెగ కుటుంబాలను ఆదుకున్నది ముఖ్యంగా ఊళ్లవాళ్లు, చర్చిలు, యంగ్ మిజో అసోసియేషన్ అనే మిజోల సంఘం. కేంద్రం వెనక్కి పంపమన్నా రాష్ట్రం ఒప్పుకోలేదు. పైగా పిల్లల్ని సర్కారు బడుల్లో చేర్చుకోమంది.

"పరాయివాళ్లను ఆదరించారు" అని కూడా రాశాను. ఒక పాఠకురాలు మెత్తగానే చురక వేశారు: చిన్‌లు, మిజోలు దగ్గరి బంధువులేనండీ, సరిహద్దు గీత తరవాత వచ్చింది అని. నిజమే, తెలిసి కూడా చెయ్యి జారింది.

ఆ పోస్టులో రాసిన క్రిస్మస్ నక్షత్రం సంగతి మాత్రం మార్చడం లేదు. బిస్కెట్ల అట్టపెట్టె కోసి, లోపల బల్బు పట్టేలా మడిచి, ఎర్ర కాగితం అంటించారు. నక్షత్రం ఒక మొన మీద బిస్కెట్ల కంపెనీ పేరు సగం కనిపిస్తూనే ఉంది. దాన్ని వేలాడదీసింది నది దాటి వచ్చిన పిల్ల, కింద స్టూలు పట్టుకున్నది పక్కింటి మిజో కుర్రాడు. ఆ పిల్లను "అతిథి" అన్నాను. ఆ మాట తీసేశాను.